డిమెన్షియా ఉన్న ఇంటికి అర్ధరాత్రి దిక్కెవరు?

ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

మా అమ్మకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు. మొన్న రాత్రి రెండు గంటలకు చెప్పులు చేత్తో పట్టుకుని, "మా ఇంటికి పోవాలి" అంటూ తలుపు గడియ లాగుతోంది. ఆపబోతే కొట్టింది. ఎవరికి ఫోన్ చేయాలో తోచలేదు. తెల్లారాక తెలిసింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని. ఇలా హఠాత్తుగా అయోమయం పెరిగితే దాన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఈ ముక్క మాకు ముందే ఎవరూ చెప్పలేదు.

జబ్బు నిర్ధారణ అయిన రోజే ప్రతి కుటుంబానికీ ఒక అత్యవసర ప్రణాళిక రాసి ఇప్పించండి. ఒక్క కాగితం చాలు. వాడే మందులు, ఇటీవలి ఫొటో, ఏం మాట్లాడితే నెమ్మదిస్తారో, రాత్రి పలికే ఫోన్ నంబరు, నేనే మంచాన పడితే అమ్మను చూసుకునే మనిషి పేరు. ఆ చివరిదే నాకు రోజూ టెన్షన్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో ప్రపంచం మొత్తం మీద 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది. చూసుకునేవాళ్లకు అండగా నిలవాలని డిమెన్షియాపై ఆ సంస్థ వేసిన 2017 ప్రణాళికలోనే ఉంది. వారానికి కొన్ని గంటలైనా మాకు ఊపిరి తీసుకునే వీలు కల్పించండి. పోలీసులకు, అంబులెన్స్ సిబ్బందికి శిక్షణ ఇప్పించండి. తప్పిపోయిన పెద్దావిడను గద్దిస్తే ఇంకా బెదిరిపోతుంది.

రాత్రి పలికే ఆ ఫోన్ నంబరు ఎప్పటికి వస్తుందో దయచేసి తేదీతో సహా చెప్పండి.

ఇట్లు,
ఒక కూతురు