ఉభయకుశలోపరి

రాజమహేంద్రవరం,
24 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయడం మా తరానికి అలవాటు. రాయబోయి ఆగాను. ఉభయపక్షాల్లో ఒక పక్షం కుశలమే నాకు తెలుసు. జర్మనీలో ఉన్న రెండో పక్షం నుంచి పదకొండు రోజులుగా కబురు లేదు. కాబట్టి ఆ మాటకు కాస్త చోటు వదిలి మొదలుపెడుతున్నాను. నువ్వు పలికాక నింపుతాను.

ఇది ఆ విషయం గురించి రాస్తున్న ఉత్తరం కాదు. రిటైరైనవాడికి ఆదివారం మధ్యాహ్నం వేరే పని ఏముంటుంది, ఊరికే రాస్తున్నాను. కిరణ్ చేత ఈ కాగితాలకు ఫోటోలు తీయించి పంపుతాను. నీ ఫోను తెరిచినప్పుడే చదువుకో. తొందర లేదు.

ఇక్కడ అంతా మామూలే. గోదావరి ఎర్రగా పారుతోంది. సాయంత్రం నడకకు వెళ్తే నడిచేవాళ్లకంటే గట్టున నిలబడి నీళ్లు చూసేవాళ్లే ఎక్కువ. బుధవారం వినాయక చవితి. పాలవెల్లిని అటక మీద నుంచి దించాను. నిరుడు నువ్వు మొక్కజొన్న పొత్తుకు కట్టిన ముడి అలాగే ఉంది. నేను ఎంత లాగినా రాలేదు, కత్తెర తెస్తానంటే అమ్మ వద్దంది. అమ్మ బాగానే ఉంది. రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేస్తుంది, తాగుతూ నా ఫోను తీసి చూస్తుంది. తన ఫోనులో నీకు పంపిన సందేశానికి ఒక టిక్కే పడినా, నా ఫోనులో రెండు పడి ఉండవచ్చునని ఆమె ఆశ. నా దాంట్లోనూ ఒకటే.

కాకినాడ నుంచి పెద్దత్త ఫోను చేసింది. నువ్వు 13వ తారీఖున పెట్టిన ఫోటోను కోడలి ఫోనులో చూసిందట. “తమ్ముడూ, పిల్ల పక్కన ఆ నల్లటోపీ వాడెవడురా? చేతిలో మెలికలు తిరిగిన కర్ర, చెవికి పోగు, కింద గంటలా వెడల్పాటి లాగు. వెనక చెట్లన్నీ మోడులు. మంత్రగాడిలా ఉన్నాడు” అంది. ఆ పాటికే ఆమె మనవడు నువ్వు ఫోటో కింద రాసిన బ్రోకెన్ అన్న కొండ పేరు వెతికి, ఏటా ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు చీపుళ్ల మీద ఎగిరివచ్చి చేరతారని జర్మన్లు చెప్పుకునే కొండ అదేనని చదివి వినిపించాడు. నువ్వు నడుస్తున్న దారి పేరే మంత్రగత్తెల బాట అని కూడా చెప్పాడు. ఇక చూడు. చీకటి పడేలోగా పెద్దత్త అన్నవరంలో వ్రతం మొక్కేసింది. తెల్లారేసరికి సామర్లకోట నుంచి చిన్నమామయ్య, “బావా, అమ్మాయి ఎక్కడుంది?” అని. ఎక్కడుందో తెలిస్తే చెప్పనా?

నేను ముప్పైఆరేళ్లు నల్లకోటు వేసుకుని రైళ్లలో తిరిగినవాడిని. వేషం చూసి మనిషిని అంచనా వేయను. నువ్వు రాసిన మూడు వాక్యాలు పట్టుకుని, ఆ అబ్బాయి ఎవరో నేనే చదివి తెలుసుకున్నాను. పని నేర్చిన వడ్రంగి. చేయి తిరగడానికి ఊరూరా తిరుగుతూ పనిచేస్తాడు. మూడేళ్ల ఒక రోజు పాటు సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. ముప్పై ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు, అప్పు ఉండకూడదు. అయిదు యూరోలతో బయలుదేరి అయిదు యూరోలతోనే తిరిగి రావాలి. కోటుకు ఆరు గుండీలు వారానికి ఆరు పనిదినాలకట, లోపలి చొక్కాయికి ఎనిమిది గుండీలు రోజుకు ఎనిమిది గంటలకట. పూర్వం దారిలో ప్రాణం పోతే దహనమో ఖననమో ఆ చెవిపోగు అమ్మి చేసేవారని కూడా చదివాను. ఆ ముక్క అమ్మకు చెప్పలేదు. ముచ్చటైన ఆచారమే, కాదనను. ఒక్క నియమమే నాకు మింగుడుపడలేదు. వాళ్ల దగ్గర ఫోను ఉండకూడదట.

“నేనూ కొన్ని రోజులు ఫోను ఆపేసి నడిచి చూస్తాను నాన్నా” అని రాశావు. కొన్ని అంటే ఎన్ని? ‘మరికొద్దిసేపట్లో రాగలదు’ అన్న ప్రకటన కింద నిలబడి నాలుగు గంటలు గడిపిన జనాన్ని నేను చూశాను. వాళ్లకు జవాబు చెప్పవలసినవాణ్ని కూడా నేనే. ఆ వడ్రంగికి సంఘం ఉంది, ముద్రలు వేయించుకునే పుస్తకం ఉంది, మూడేళ్ల ఒక రోజు అని లెక్క ఉంది. నువ్వు లెక్క చెప్పకుండా మొదలుపెట్టావు.

నిన్న మాగ్డెబర్గ్‌లో నీ గది అమ్మాయికి ఫోను చేశాను. నీ గురించి కాదు, అక్కడ ఇంగువ దొరుకుతుందో లేదో కనుక్కుందామని. దొరుకుతుందట. మాటల మీద మాట వచ్చి నీ సంగతి అడిగితే, “అడవిలో సిగ్నల్ ఉండదు అంకుల్” అంది. నూరు కిలోమీటర్ల దారి, ఆరు రోజుల నడక. మరి మిగతా అయిదు రోజులు ఏ అడవి?

సరే, అది వదిలేయి. ఆ కొండ మీదికి మీటరు గేజి మీద ఆవిరి ఇంజను బండి నడుస్తుందని చదివి నాకు ప్రాణం లేచివచ్చింది. 1141 మీటర్ల ఎత్తు, శిఖరం దాకా పట్టాలు. అంత చక్కటి బండి పెట్టుకుని నువ్వు నడిచి ఎక్కావు! నీ 58 యూరోల నెల టిక్కెట్టు దానికి చెల్లదని తెలుసు. ఆ టిక్కెట్టు నాకు అర్థమైనంతగా మీ యూనివర్సిటీలో ఎవరికీ అర్థమై ఉండదు. 2023 మేలో 49తో మొదలైంది, ఈ జనవరి నుంచి 58. దేశమంతటా చిన్న బళ్లు, బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు, వేగం బళ్లు ఎక్కకూడదు. వేళకు రాలేదని వేగం బండి ఎక్కేసి, ‘తెలియదండీ’ అనకు. అక్కడ ప్లాట్‌ఫారానికి గేట్లు లేవు కదా అని ధీమా పనికిరాదు. బండిలో నాలాంటివాడు ఒకడు వస్తాడు. టిక్కెట్టు లేకపోతే 60 యూరోలు. వాణ్ని తిట్టుకోకు, వాడి ఉద్యోగం అది.

ఈ జర్మనీ నీకంటే ముందే మన అరుగు మీదికి వచ్చిందని నీకు చెప్పానో లేదో. చెప్పే ఉంటాను. మళ్లీ విను.

1989 నవంబరు. నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. మద్రాసు వైపు నుంచి వచ్చే మెయిలులో పైబెర్తు మీద ఒక దొరల కుర్రాడు ముడుచుకుని పడుకున్నాడు. టిక్కెట్టు చూస్తే ముందురోజుది. అర్ధరాత్రి దాటాక కదిలే బండికి తేదీ మారుతుందని అతనికి తట్టలేదు. ఇప్పటికీ మనవాళ్లకే తట్టదు. నిబంధన ప్రకారం టిక్కెట్టు లేనట్టే. రసీదు పుస్తకం తీసి డబ్బు అందుకోబోతే చెయ్యి కాలిపోతోంది. రాజమండ్రిలో నా డ్యూటీ అయిపోయింది. అతన్ని ఒక చేత్తో, వీపుసంచిని ఒక చేత్తో దించాను. ఆ సంచి బరువుకు నా భుజం వారం రోజులు పట్టేసింది. (నీ సంచి పదికిలోలు దాటకూడదని చెప్పాను, గుర్తుందా? రెండు జతల బట్టలు చాలు. ఆ కెమెరా స్టాండు ఎందుకు?)

ఇన్నీసుపేట ఇంటి అరుగు మీద మడతమంచం వేశాం. నానమ్మ మడి సంగతి నీకు తెలిసిందే. గడప దాటనివ్వలేదు, పస్తూ ఉంచలేదు. మిరియాల చారు పోసి మెత్తగా పిసికిన అన్నం మూడు రోజులు రెండు పూటలా అరుగు మీదికే నడిచింది. నాలుగోరోజు లేచి కూర్చుని మాట్లాడాడు. గోస్లార్ దగ్గర ఊరట. బొగ్గుముక్కతో అరుగు మీద ఒక కొండ గీసి, దాని ముందు కంచె గీశాడు. వాళ్ల మేడ కిటికీలోంచి రోజూ కనిపించే కొండ, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ ఎక్కలేదు. కొండ తూర్పు జర్మనీది, పైన సైనికులుంటారు. అన్ని దేశాలు దాటి మా అరుగు దాకా వచ్చినవాడికి ఇంటి ముందు కొండ అందకపోవడం నాకు వింతగా అనిపించింది. నానమ్మ అదేమీ వినలేదు. “వాళ్లమ్మకు ఉత్తరం రాశాడేమో అడుగు” అంది. అడిగాను. రాసి రెండు నెలలైందన్నాడు. ఆమెకు తెలుగులోకి మార్చి చెప్పడానికి నాకు నోరు రాలేదు, వారం అని చెప్పాను. ఆమె నా ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట చారులో ఉప్పు లేదు.

మర్నాడు పొద్దున్న పేపరు వచ్చింది. ఎన్నికల రోజులు, మొదటి పేజీ అంతా వాగ్దానాలే. లోపల ఒక ఫోటో, జనం బెర్లిన్ గోడెక్కి నిలబడి ఉన్నారు. అతను పేపరు లాక్కుని చూసి, నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివి ఇంగ్లీషులో చెప్పాను. “మళ్లీ చదవండి” అన్నాడు. మూడుసార్లు చదివాను. వెంటనే ఇంటికి మాట్లాడాలన్నాడు. టెలిఫోను ఆఫీసులో ట్రంకు కాల్ బుక్ చేసి బల్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు కలిసింది. వాళ్లమ్మ గొంతు గాజు తలుపు అవతల ఉన్న నాకే వినిపించింది. అతను రిసీవరు చెవికి దూరంగా పట్టుకున్నాడు. రెండు నెలల తిట్లు మూడు నిమిషాల్లో తిట్టాలి కదా ఆవిడ! బయటికి వచ్చాక, గోడ గురించి ఏమందని అడిగాను. దాని ఊసే ఎత్తలేదట. జ్వరం ఎంత ఉంది, ఏం తింటున్నావు, ఎవరింట్లో ఉన్నావు, ఇంతే. బిల్లులో సగం నేను కట్టాను. ఎంతో మీ అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు, ఈ పేరా ఆమెకు చదివి వినిపించను కూడా.

ఆ డిసెంబరులోనే ఆ శిఖరం జనానికి తెరిచారు. మరుసటి వేసవిలో కార్డు వచ్చింది. “ఎక్కాను. పొగమంచు. ఏమీ కనిపించలేదు” అని రాశాడు. నీ ఫోటోలో ఆకాశం తేటగా ఉంది. నీ అదృష్టం. ఆ ఎండిన చెట్లు ఏమిటని అమ్మ అడిగితే, వానలు లేక నీరసించిన చెట్లకు బెరడు తొలిచే పురుగు పట్టిందని, కొండంతా అంతేనని చెప్పాను. “చెట్లకే అలా ఉంటే పిల్లకు నీళ్లు ఎక్కడివి?” అంది. కుళాయి నీళ్లు తాగవచ్చని నువ్వు ఒకసారి చెప్పావు కాబట్టి సరిపోయింది.

నీకు నీతులు చెప్పకూడదని ఈ ఉత్తరం మొదలుపెట్టేముందే అనుకున్నాను. నాలుగు మాటలు మాత్రం విను. గడ్డిలో నడిచిన రోజు సాయంత్రం మోకాళ్ల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకో. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే రొట్టె కొనుక్కో. పాస్‌పోర్టు, డబ్బు ఒకే అరలో పెట్టకు. ఆపద వస్తే 112. హాస్టల్లో లోయర్ బెర్తు అడుగు, పైన నిద్రలో దొర్లుతావు. నీ సంగతి నాకు తెలుసు, ఒకసారి సింహాచలం వెళ్తూ మిడిల్ బెర్తులోంచే పడ్డావు. తోటి ప్రయాణికులు ఇచ్చే బిస్కెట్లు తినవద్దని మేము బండిలో చెప్పేవాళ్లం. సైకిళ్ల మీద వచ్చిన ముసలి దంపతులు సూపు పోశారని రాశావు, అది పరవాలేదు. ఫోటోలో ఆ పొట్టిజుట్టు పిల్ల ఎవరు? ముక్కూముఖం తెలియనివాణ్ని నువ్వు ఇంటికే తెచ్చావు కదా నాన్నా అంటావు. తెచ్చాను. వాడి టిక్కెట్టు చూశాక తెచ్చాను.

హాస్టలు అంటే గుర్తొచ్చింది. ఎల్లుండి 26కి ఒక విశేషముంది. 1909లో అదే రోజున రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు పిల్లలను వెంటబెట్టుకుని కాలినడకన ఆహెన్ వైపు వెళ్తూ పెద్ద గాలివానలో చిక్కుకున్నాడు. ఒక బడిలో గడ్డి పరిచి పిల్లలను పడుకోబెట్టి, తాను మాత్రం మేలుకుని ఆలోచిస్తూ కూర్చున్నాడు. 1912లో ఆల్టెనా కోటలో కాలినడకన తిరిగేవాళ్ల కోసం తెరిచిన మొదటి వసతి ఆ రాత్రి ఆలోచనే. రైన్ నది ఒడ్డున కోటలో హాస్టలు ఉంది, అక్కడికీ వెళ్తానన్నావే, బాఖరాఖ్, అదీ ఆ వరుసలోదే. పిల్లలు నిద్రపోతుంటే మేలుకున్న మనిషి వల్ల నీకు మంచం దొరుకుతోందన్నమాట. మేము రెండింటికి లేస్తున్నామని నవ్వకు.

అమ్మ ఉండ్రాళ్లకు బియ్యప్పిండి జల్లెడ పడుతూ, నీకు దగ్గు తగ్గిందో లేదో రాయమంటోంది. నాకు తెలియని జవాబు నేనెలా రాయను? ‘తగ్గిందా?’ అని అడిగినట్టు రాస్తున్నాను. తగ్గిందా?

ఇట్లు,
నాన్న

తా.క.: ఆ వడ్రంగి అబ్బాయి ఇంకా నీ దారిలోనే ఉంటే, అతని చేత వాళ్లమ్మకు ఒక కార్డు రాయించు. ఫోను వద్దన్నారు కానీ కార్డు వద్దనలేదు కదా. స్టాంపులు రెండు కొను. డబ్బు నేను పంపుతాను.