సర్జరీ తర్వాత మనసు సంగతి

బరువు తగ్గడానికి పొట్ట సర్జరీ చేయించుకున్న మన గ్రూపు వాళ్లందరికీ నమస్కారం. ఈ వారం ఎక్కువ మంది అడిగింది బరువు గురించి కాదు, పెళ్లి భోజనాల గురించి. "ఇంతేనా తినేది, ఇంకో బూరె వేసుకో" అనే అత్తయ్యలకు "డాక్టరు వద్దన్నారు" అంటే చాలు, సర్జరీ సంగతంతా విప్పి చెప్పక్కర్లేదు. మొహమాటానికి తీపి తింటే, ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) అయినవాళ్లకు, డంపింగ్ (తిన్నది పొట్టలోంచి పేగులోకి మరీ త్వరగా జారిపోవడం) రావచ్చు: గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు.

టెన్షన్‌లో ఏదో ఒకటి నమిలే అలవాటు ఆపరేషన్‌తో పోదు. పొట్ట చిన్నదైనా మిక్చర్ కొంచెం కొంచెంగా రోజంతా లోపలికి పోతూనే ఉంటుంది. చెయ్యి డబ్బా మీదికి వెళ్లినప్పుడు అది ఆకలో దిగులో చూసుకోండి. రాసిపెట్టి డైటీషియన్‌కు చూపించండి.

మందు విషయం మాత్రం గట్టిగానే చెప్తాను. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. తిండి స్థానంలో తాగుడు అలవాటయ్యే ప్రమాదం రెండో ఏడాది నుంచి పెరుగుతుంది. అన్నయ్యలూ, "ఒక్క పెగ్గేగా" అనకండి.

మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం మామూలే, చాలామందికి మళ్లీ వస్తుంది. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, డోసు మార్చాలేమో డాక్టరునే అడగండి. బతకాలని అనిపించకపోతే గ్రూపులో జవాబు కోసం ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.