రిమోట్ అసిస్టెంట్ల విషయం
నిన్న ఒకరు అడిగారు కదా, ఇంటి నుంచి పనిచేసే అసిస్టెంట్ ప్రతి చిన్నదానికీ మెసేజ్ పెడుతున్నారు, ఏం చేయాలని. మా దగ్గరా అదే జరిగేది. తప్పు నాదే: పని అప్పగించాను గానీ నిర్ణయం అప్పగించలేదు. ఇప్పుడు ఆర్డర్ ఆలస్యమైందని కస్టమర్ ఫోన్ చేస్తే డెలివరీ ఛార్జీ వెనక్కి ఇవ్వాలా వద్దా అన్నది మా అసిస్టెంట్ ఇష్టం. సాయంత్రం నాకు ఒక్క లైను రాస్తే చాలు. మొదటి వారం నేనే ఊరుకోలేక మధ్యలో దూరాను లెండి. ఈమధ్య కస్టమర్లకు పంపే జవాబుల షీటు కూడా ఆవిడే తిరగరాశారు, నేను రాసినదాని కంటే బాగుంది.

ఇంకోటి, తప్పు జరిగితే టీం చాట్‌లో అనకండి, విడిగా ఫోన్ చేయండి. మెచ్చుకునేటప్పుడు మాత్రం అందరి ముందూ, ఏ పని బాగా చేశారో చెప్పి మెచ్చుకోండి. ఉత్త 'గుడ్ జాబ్'తో ఏమీ తెలియదు.

స్క్రీన్ మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ గురించి అడిగినవాళ్లకి: నేను పెట్టలేదు, పెట్టను.