సీసాన్నే పట్టలేని పరీక్ష

సంపాదకుడికి,

ఏ పురుగుమందు మీద అనుమానం వచ్చినా 'పరీక్షలన్నీ అయ్యాకే అనుమతి ఇచ్చాం' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎదిగే మెదడు విషయంలో ఆ జవాబుతో తృప్తిపడటం నావల్ల కావడం లేదు.

ఎదిగే మెదడుకు రసాయనాలు చేసే హానిని పరీక్షించడానికి ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 2007లో ఇచ్చిన 426వ మార్గదర్శకం ప్రకారం తల్లి ఎలుకకు గర్భంతో ఉన్నప్పటి నుంచి పిల్లలు పాలు మానేదాకా రసాయనం ఇస్తారు. పాలు మానాక ఒకసారి, వయసు వచ్చాక మరోసారి ఆ పిల్లల నేర్చుకునే శక్తినీ జ్ఞాపకాన్నీ చూస్తారు. ఇందుకు వాడే పద్ధతుల్లో నీటితొట్టి ఒకటి. నీళ్లలో మునిగి కనబడని చిన్న గట్టును ఎలుకపిల్ల ఈదుతూ వెతుక్కోవాలి. పదేపదే వదిలేసరికి మామూలు పిల్ల దారి పట్టేస్తుంది. ఆలస్యమైతే అది మతిమరుపే అనుకోవడానికి లేదు. కాళ్లలో సత్తువ తక్కువ కావచ్చు, చూపు మందగించి ఉండవచ్చు, వెతకకుండా ఊరికే తేలుతూ ఉండవచ్చు (ఎలుకలకూ ఆ తెలివి ఉంది). అందుకే ఈత వేగం కొలవాలి, గట్టు పైకి కనబడేలా పెట్టి కూడా చూడాలి. రసాయనం ఇచ్చింది తల్లికి కాబట్టి ఒకే కాన్పులోని ఎనిమిది పిల్లలను ఎనిమిది సాక్ష్యాలుగా లెక్కవేయకూడదు.

తేడా కనబడితే ఇన్ని ప్రశ్నలు వేస్తాం. కనబడకపోతే మాత్రం హాయిగా సంతకం పెట్టేస్తాం! క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుపై తయారీదారులు చేయించిన అధ్యయనం ముడి లెక్కలను స్వతంత్ర శాస్త్రవేత్తలు తిరగేసి 2018లో ప్రచురించారు. ఇచ్చిన అన్ని మోతాదుల్లోనూ మెదడు కొలతలో మార్పు ఉంది. అసలు నివేదిక సారాంశంలో ఆ ఊసే లేదు. అంతకన్నా విడ్డూరం, పరీక్ష పనిచేస్తోందో లేదో చూడటానికి వాడిన సీసం లవణం. పిల్లల మెదడుకు సీసం చేసే హాని లోకానికంతటికీ తెలుసు. ఆ పరీక్షలకు మాత్రం ఎలుకల ప్రవర్తనలో దాని జాడే దొరకలేదు. అలాంటి పరీక్ష 'ప్రభావం లేదు' అంటే ఏమని నమ్మాలి? ఐరోపా సమాఖ్య క్లోర్‌పైరిఫాస్ అనుమతిని 2020లో పొడిగించలేదు.

జంతువులను ఇలా బలిపెట్టడమే తప్పనేవారితో నాకు పేచీ లేదు. చూడలేని పరీక్షకు బలిపెట్టడం రెండింతల తప్పు. తెలిసిన విషాన్ని తన చేతులతో పట్టుకున్నట్టు రుజువు చూపని ప్రయోగశాల నుంచి వచ్చిన 'ప్రభావం లేదు' నివేదికను నియంత్రణ సంస్థలు వెనక్కి పంపాలి. కాన్పువారీ ముడి లెక్కలను అనుమతికి ముందే బయటపెట్టాలి.

– ఒక పాఠకురాలు