రెండు బిళ్లలకు బిల్లేంటమ్మా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మావారికి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ కోసం సత్యనారాయణపురంలో ఓ మందుల షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు అడక్కుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ అట్ట తీసి, కత్తెరతో రెండు బిళ్లలు కత్తిరించాడు. ‘‘పొద్దునొకటి, రాత్రొకటి. ఠక్కున ఆగిపోతాయి’’ అన్నాడు. డాక్టర్ చీటీ లేదన్నాను. దీనికి చీటీ ఎందుకన్నాడు. బిల్లడిగితే ‘‘రెండు బిళ్లలకు బిల్లేంటమ్మా’’ అని నవ్వాడు. నా చేతికొచ్చిన ముక్క మీద గడువు తేదీ లేదు. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత ఉన్న అంచు మిగతా అట్టతో పాటు డబ్బాలోకి వెళ్లిపోయింది.

జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. మన పేగుల్లోని బ్యాక్టీరియా తిండికీ చోటుకీ ఒకదానితో ఒకటి కొట్టుకుంటూనే ఉంటాయి. అందుకోసం సొంతంగా విషపు ప్రొటీన్లు తయారుచేసుకుంటాయి. బెల్జియం శాస్త్రవేత్త ఆంద్రే గ్రాసియా ఈ సంగతిని ఈ-కొలై బ్యాక్టీరియాలో 1925లోనే గమనించాడు. పెన్సిలిన్ బయటపడటానికి అప్పటికింకా మూడేళ్లుంది! వాటికి తర్వాత కొలిసిన్లని పేరొచ్చింది. పెద్దపేగులో గుంపులుగా ఉండే బ్యాక్టీరాయిడ్స్ అనే బ్యాక్టీరియాకీ ఇలాంటి ఆయుధాలున్నాయి. కొన్నయితే ఎదుటి కణం పొరకు చిల్లు పెట్టేస్తాయి. తమాషా ఏమిటంటే, వీటి దెబ్బ ఎక్కువగా దగ్గరి చుట్టాల మీదే. మన పల్నాటి యుద్ధంలా ఇదీ దాయాదుల పోరే, ఊరంతా తగలబడదు. ఉన్న చోటంతా ఇలా కాపలా కాసేవాళ్లతో నిండి ఉంటే బయటి నుంచి వచ్చే రోగక్రిమికి కాలు మోపడం కష్టం.

యాంటీబయోటిక్ బిళ్లకు ఇంత విచక్షణ లేదు. కలుపుతో పాటు పైరునీ కోసేస్తుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే రోగక్రిమి లాంటిది పాగా వేస్తే మళ్లీ విరేచనాలే, ఈసారి ఆసుపత్రి పాలయ్యేంతగా. మందుకు లొంగని క్రిములు మిగిలి పెరగడం ఇంకో తలనొప్పి.

సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్లలిచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టర్‌ని షాపువాళ్ల కొనుగోలు బిల్లులతో పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, కొన్నదెంత, రాసిందెంత అన్నది తేలిపోతుంది. పగటి పూట కాకుండా రాత్రి ఏడూ ఎనిమిది మధ్య వెళ్తే ఇంకా మంచిది.

షాపువాళ్లనే అనడమూ న్యాయం కాదు. సింగ్ నగర్‌లో ఉండే మా చెల్లెలి ఇంట్లో టీవీ పక్కన స్టీలు డబ్బా నిండా ఇలాంటి కత్తిరించిన అట్టలే. 2024 బుడమేరు వరదప్పుడు మొదలైన అలవాటది. రోజు కూలి పోగొట్టుకుని, ఫీజు కట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లలేనివాళ్లు ఆ వీధిలో చాలామంది ఉన్నారు. పనులు ముగించుకుని వచ్చే వేళకి పట్టణ ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ దొరికితే వాళ్లకు షాపు కుర్రాడే దిక్కు కాడు.

మావారికి ఓఆర్ఎస్‌తో, మజ్జిగన్నంతో రెండో రోజుకే తగ్గింది. ఆ రెండు బిళ్లలూ నా పర్సులోనే ఉన్నాయి. అధికారులు అడిగితే ముక్కా చూపిస్తాను, షాపూ చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ