మంత్రి గారూ, ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా ఊరి ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ గది గురించి నేను రాస్తున్న నాలుగో కాగితం ఇది. మొదటి మూడూ అర్జీలు. మూడింటికీ నా ఫోనుకు ఒకటే సందేశం: 'మీ అర్జీ పరిష్కరించబడినది.' పరిష్కారం ఎలా ఉంటుందో కళ్లారా చూద్దామని ఆటో మాట్లాడుకొని వెళ్లాను. తాళం తాళంలాగే ఉంది. కిటికీలోంచి తొంగిచూస్తే, పెద్దవాళ్ల కోసం తెచ్చిన వ్యాయామ సైకిల్ సీటు మీద సెలైన్ అట్టపెట్టెలు కూర్చొని ఉన్నాయి. మా బదులు అవే వ్యాయామం చేస్తున్నాయి కాబోలు.

నాకు 66 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిందన్నారు. 30 ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఆ గుజ్జుకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవని, కీలు కదిలితేనే లోపలి ద్రవం నుంచి దానికి పోషణ అందుతుందని నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఇప్పుడు ఆ టీచరమ్మే నొప్పికి జడిసి కుర్చీ దిగడం లేదు. కదలకపోతే తొడ కండరం సన్నబడుతుంది. అది సన్నబడిన కొద్దీ మోకాలికి ఆసరా తగ్గి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

మోకాళ్లతోనే పోతే మాత్రలు మింగి ఊరుకునేదాన్ని. నా భయం తల గురించి. పొయ్యి మీద పాలు మరిచిపోవడం ఎవరికైనా ఉండేదే. కానీ మొన్న సంతలో నా దగ్గర అయిదేళ్లు చదివిన అమ్మాయి కాళ్లకు దణ్ణం పెడితే పేరు తట్టలేదు. ఇంటికొచ్చాకా తట్టలేదు. మా అమ్మ కూడా మోకాళ్లతోనే మంచం పట్టింది. చివరి రెండేళ్లు నన్ను 'ఎవరమ్మా నువ్వు, ఎవరింటి పిల్లవు?' అని అడిగేది.

జ్ఞాపకశక్తిని తినేసే డిమెన్షియా జబ్బు ముప్పు పెంచే, మనం సరిదిద్దుకోగల కారణాలు 14 అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. ఒంటికి కదలిక లేకపోవడం వాటిలో ఒకటి, నలుగురిలో కలవకపోవడం మరొకటి. మోకాళ్లు పట్టేసిన మనిషికి ఈ రెండూ ఒకే కుర్చీలో దొరుకుతాయి. 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది పెద్దవాళ్లు పాల్గొన్నారు. వారానికి 3 రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచినవారికి మెదడులో జ్ఞాపకాలకు ఆయువుపట్టు అయిన హిప్పోకాంపస్ అనే భాగం 2 శాతం పెరిగింది. అది కీళ్ల రోగుల కోసం చేసిన పరిశోధన కాదు, తెలుసు. నేను అంత నడవలేకపోవచ్చు. ఎంత నడవాలో, ముందు ఏ కండరానికి బలం తెప్పించాలో చూసి చెప్పే మనిషి కావాలనే కదా నా గోల!

'రోజూ నడవండి' అని మందుల చీటీ మీద రాసిచ్చారు. ఎక్కడ నడవాలో రాయలేదు. మా వీధిలో కాలువ మీది బండలు కాలు పెడితే ఊగుతాయి. తెల్లవారుజామున కుక్కలు. కాస్త పొద్దెక్కితే నెల్లూరు ఎండ గురించి మీకు నేను చెప్పాలా?

వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టును పంపండి. ఒక్క రోజైనా పంపండి. అదీ కుదరకపోతే ముందు ఆ తాళమైనా తీయించండి, పుణ్యం ఉంటుంది. సెలైన్ పెట్టెలు మాత్రం మీవాళ్లే దింపాలి, మా మోకాళ్లు ఆ పనికి రావు. అంతవరకు దయచేసి నా ఫోనుకు ఇంకో 'పరిష్కరించబడినది' పంపించకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నెల్లూరు జిల్లా