పల్లకి పిలిచి అరవై ఏళ్ళు

నంద్యాల,
కార్తీకమాసం, ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ముందు నన్ను తిట్టాలనుకున్నవన్నీ తిట్టేయి. నీ ఉత్తరం దసరాకు ముందే వచ్చింది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టాను, రెండుసార్లూ ఏదో పని అడ్డమొచ్చింది. తప్పు నాదే, క్షమించు. మీ అన్న ఈ రాత్రే కువైట్ బయలుదేరుతున్నాడు కదా, పదకొండు లోపల మా ఇంటికొచ్చి ఉత్తరం, సామాను తీసుకుపోతానన్నాడు. ఇప్పుడు తొమ్మిదింపావు.

ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో చెప్తా. చిన్నదానికి జ్వరం తగ్గింది. మేడమీద గదికి స్లాబు పడింది. మీ నాన్న మోకాలు బాగుంది, పొద్దున్నే పార్కుకు పోతున్నాడు. ఇంక అసలు సంగతికి వస్తా, నాలుగు రోజులుగా ఇది లోపల ఆగడం లేదు.

అహోబిలం పోయొచ్చాం. జ్వాలా నరసింహుడి దాకా. అవును, నువ్వు లేకుండానే. డిగ్రీ రెండో ఏడు వానలో వాగు పొంగి, వరాహ నరసింహుడి దగ్గరే వెనక్కి తిరిగినప్పుడు, ఆ తడిసిన బిస్కెట్ ప్యాకెట్ మీద చెయ్యేసి ఏం ఒట్టు పెట్టుకున్నామో నాకు గుర్తుంది. పోతే ఇద్దరం కలిసే పోవాలని. కానీ ఈసారి అడిగింది అమ్మ. అమ్మ అడిగితే నువ్వయినా అదే చేసేవాడివి.

నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో, మా అమ్మ పుట్టిన ఊరు ఆళ్ళగడ్డ పక్కన. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికో ఓబులేసు, ఓబులమ్మ ఉంటారు. అహోబిలేశుడే నోట్లో నలిగి ఓబులేసు అయ్యాడు. సంక్రాంతి దాటగానే స్వామి కొండ దిగి, పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. పారువేట అంటారు. నలభై రోజులకు పైగా ఊళ్ళమ్మటే ఉంటాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని, తానే గడపగడపకూ వచ్చి పిలుస్తాడన్నమాట. ఏ దేవుడు వస్తాడు రా అట్లా? చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఇంటి అల్లుడు, ఊళ్ళకు చుట్టం. అమ్మ చిన్నప్పుడు ప్రతి ఏడూ పల్లకి ముందు వాళ్ళ నాన్న టెంకాయ కొట్టి, "ఈ ఏడు పెళ్లికి వస్తాం సామీ" అనేవాడట. శనగ పంట చేతికొచ్చే కాలం. పోయేది ఉండేది కాదు. తర్వాత పెళ్లి, మేము, నాన్న ఉద్యోగం, నాన్న జబ్బు. నాన్న సంవత్సరీకం అయిన వారానికి, అన్నం పెడుతూ ఉన్నట్టుండి, "అరవై ఏండ్లుగా పిలుస్తానే ఉన్నాడు రా, పోదాం పా" అంది. మర్నాడే బయలుదేరాం.

ఆళ్ళగడ్డలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుణ్ణి చూశాం. కళింగ దండయాత్ర కాలంలో కృష్ణదేవరాయలు వేయించిన జయస్తంభం దగ్గర అమ్మను నిలబెట్టి ఫోటో తీశాను. అక్కణ్ణుంచి ఎగువకు 8 కిలోమీటర్లు ఆటోలో పోయాం. దారిలో కానుగ చెట్టు కింద విల్లు పట్టుకున్న కారంజ నరసింహుడు, ఎగువలో గుహలో వెలసిన స్వామి. ఇవన్నీ నువ్వు చూసినవే, వదిలేస్తున్నా.

ఎగువ గుడి దాటాక డోలీ వాళ్ళు చుట్టూ చేరారు. మనిషిని కట్టెకు కట్టిన కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుపోతారు. అమ్మకు అరవై ఎనిమిది. నేను బేరం మాట్లాడుతుంటే అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "పెళ్లికి నడిచిపోవాల గాని మోపించుకుని పోతే ఏం బాగుంటాది" అని ఒక వెదురు కర్ర తీసుకుని ముందు నడిచింది. నాకు ఒకటే టెన్షన్. డోలీ వాళ్ళలో ఒక పెద్దాయన, పని దొరకకపోయినా, "నిదానంగా పో అమ్మా, నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగు" అని చెప్పి పంపాడు. ఆ మాట మర్చిపోలేను.

బావా, ఆ దారి ఎలా చెప్పాలి. నీకు అక్కడ ఇసుక తప్ప ఇంకేం కనపడదని రాశావు కదా, అందుకే అడుగడుగునా నీకోసం చూశాను. వానలు వెనకబట్టి ఇరవై రోజులయింది. భవనాశి ఆ రోజు మనల్ని వెనక్కి తరిమిన వాగేనా అనిపించింది, బండల సందుల్లో పలచగా, చల్లగా జారుతోంది. రెండు పక్కలా కొండ నిటారుగా లేచింది. రాయి అంతా ఎర్రగా, పొరలు పొరలుగా, వసారాలో మడిచి పేర్చిన బొంతల్లా ఉంటుంది. ఆ పొరల సందుల్లోంచి చెట్లు వేళ్ళు దింపుకుని వేలాడుతున్నాయి. వెదురు పొదల్లో గాలి దూరితే కిర్రుమంటాయి. కొండముచ్చులు ఒకదాని తోక ఒకటి తగిలేంత దగ్గరగా కూర్చుని, మమ్మల్ని చూసి పక్కకు కూడా జరగలేదు. తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండ గురించి పది పాశురాలు, అంటే భక్తి పాటలు, పాడాడు. దేవతలకు తప్ప ఎవరికీ చేరరాని చోటు అన్నాడు. ఆళ్వార్లు పాడిన 108 విష్ణు క్షేత్రాల్లో, అదే దివ్యదేశాల్లో, ఇదొకటి అయినా, ఇక్కడికి మనిషి కష్టపడి రావాల్సిందే. ఇప్పుడు మెట్లు, వంతెనలు, ఇనుప కమ్ములు ఉన్నాయి. అవేవీ లేనప్పుడు ఆయన చూసిన అడవిని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

వరాహ నరసింహుడి దగ్గర, మనం ఆగిపోయిన ఆ బండ దగ్గర, ఒక నిమిషం నిలబడ్డాను. నీ తరఫున ఒక బిస్కెట్ పెట్టాను. అమ్మ "ఎవరికి రా అది?" అంటే చెప్పలేదు.

చివరి మెట్లు చాలా కష్టం. అమ్మ ఇరవై మెట్లకోసారి కూర్చుంది. వద్దమ్మా దిగుదాం అని రెండుసార్లు అన్నాను. రెండోసారి నా వైపు చూసిన చూపుకు మళ్ళీ నోరు తెరవలేదు. తల ఎత్తితే ఉగ్రస్తంభం. కొండ నిలువునా చీలి నిలబడినట్టుంటుంది, స్వామి చీల్చుకొచ్చిన కంబం అదేనంటారు. దాని మీదికి పోలేదు, అమ్మతో కాదు. అది మన ఇద్దరికీ ఉంచాను.

ఆ మలుపు తిరిగాక... పైన కొండకొస నుంచి నీళ్ళు పడుతున్నాయి. దారి ఆ నీళ్ళకూ కొండకూ మధ్యలోంచే పోతుంది. ఎడమ భుజానికి రాయి, కుడి భుజం మీద తుంపర, ఆ తెర వెనకాల లోయంతా వణుకుతున్నట్టు పచ్చగా కనిపిస్తుంది. అమ్మ చెయ్యి చాచి నీళ్ళు పట్టుకుని తల మీద చల్లుకుంది. నా తల మీదా చల్లింది, చిన్నప్పుడు తలంటి పోసినట్టు.

జ్వాలా నరసింహుడి గుడి చిన్నది, కొండ కడుపులో గూడు పెట్టినట్టుంటుంది. ఎనిమిది చేతుల స్వామి. ఒళ్ళో అడ్డంగా హిరణ్యకశిపుడు. పక్కన స్తంభంలోంచి వెలువడుతున్న రూపం. పూజారి కుర్రవాడు, హారతి చూపిస్తూ కథ చెప్తున్నాడు. ఇదిగో స్వామి, ఇదిగో గోళ్ళు, ఇదిగో రాక్షసుడు అని. అందరూ గోవిందా అంటున్నారు. అప్పుడు అమ్మ అడిగింది.

"లీలావతమ్మ యాడుందయ్యా?"

నాకు మొదట అర్థం కాలేదు. పూజారికీ కాలేదు. అమ్మ మళ్ళీ అంది, "వాళ్ళమ్మ. పిల్లోని తల్లి. ఆయమ్మను యాడా పెట్టలేదా?"

హారతి పళ్ళెం అట్లాగే పట్టుకుని ఆ అబ్బాయి కాసేపు ఆలోచించాడు. "ఇక్కడ లేదమ్మా" అన్నాడు. తర్వాత తీర్థం ఇస్తూ, మెల్లగా, "దిగేటప్పుడు మాలోలుడి దగ్గర కాసేపు కూర్చుని పోండి" అన్నాడు.

బావా, మన డాబా మీద అమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది! ప్రతిసారీ కంబం పగలగానే ఆపేసేది. నువ్వు "ఆ తర్వాత?" అనేవాడివి. "ఆ తర్వాత పడుకో" అనేది. నువ్వూ నేనూ హాస్టల్లో ప్రతి రాత్రీ అదే మాట అనుకుని నవ్వుకునేవాళ్ళం. ఎందుకు ఆపేదో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

బయట రక్తకుండం ఉంది. స్వామి చేతులు కడుక్కున్న చోటంటారు. గుంటలో ఎర్రగా కనిపించే నీళ్ళు దోసిట్లోకి తీస్తే తేటగా ఉన్నాయి. అమ్మ అట్లా తీస్తూ వదులుతూ చాలాసేపు కూర్చుంది. నేను పిలవలేదు.

మాలోల నరసింహుడి గుడికి దిగేసరికి ఎండ మెత్తబడింది. అక్కడ జనం లేరు. స్వామి ఎడమ ఒళ్ళో లక్ష్మమ్మ. మా అంటే లక్ష్మి, ఆమె మీద మనసు పడ్డవాడు మాలోలుడు. అంతకుముందు చూసిన ముఖమేనా ఇది అనిపించేంత శాంతం. అహోబిల మఠం పీఠాధిపతి జియ్యరు ఎక్కడికి పోయినా ఈ మాలోలుడి ఉత్సవమూర్తిని వెంట తీసుకుపోతారని చెప్తే, "ఈయన గూడా తిరగతానే ఉంటాడా" అని అమ్మ నవ్వింది. తర్వాత అరుగు మీద కూర్చుని, లోయ వైపు చూస్తూ అంది: "గెలిచినోడు కొడుకు, పోయినోడు మొగుడు. ఆయమ్మ ఏ దిక్కు చూసి ఏడవాల రా?"

నాన్నకూ నాకూ మాటల్లేని ఆ మూడేళ్ళు నీకు తప్ప బయట ఎవరికీ తెలియదు. నాకు ఏడింటికి ఒక కంచం, ఆయనకు ఎనిమిదింటికి ఒక కంచం. నేను నా పట్టుదల చూసుకున్నాను, ఆయన ఆయనది. మధ్యలో అమ్మ రెండుసార్లు వడ్డించి, తాను ఎప్పుడు తినేదో... సరేలే, ఇంక రాయలేను. నువ్వు వచ్చినప్పుడు డాబా మీద మాట్లాడుకుందాం.

నేనేం అనలేదు. కర్ర పక్కన పెట్టి పక్కనే కూర్చున్నాను. కింద ఎక్కడో వాగు చప్పుడు. చాలాసేపటికి తనే లేచి, "లీలావతమ్మ పేరు జెప్పి నేనొక దండం పెట్టొస్తా" అని మళ్ళీ లోపలికి పోయింది. లక్ష్మమ్మ ఎదురుగా నిలబడి ఏం చెప్పుకుందో నాకు తెలియదు. బయటికొచ్చాక మాత్రం ఆకలేస్తోందంది. మూట విప్పి పులిహోర తిన్నాం. నేను చిన్నప్పటి నుంచీ చూడనంత ఎక్కువ తినింది రా.

ఇంకా చాలా ఉంది. ప్రహ్లాద బడి దగ్గర బండ మీద అక్షరాల్లాంటి గీతలు వేలితో తడుముతూ అమ్మ ఏమందో, మర్నాడు పావన నరసింహుడి దగ్గరికి జీపులో పోతుంటే అడవిలో ఏం జరిగిందో, అదంతా ఇంకో ఉత్తరమే. ఆ చెంచు పెద్దమ్మ మాత్రం

మీ అన్న వచ్చేశాడు, ఇంకా పదిన్నరే. గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు. తేనె సీసా గుడ్డలో చుట్టి పెట్టాను, నిలబెట్టే ఉంచమను. నువ్వుల పొడి ఎర్ర మూత డబ్బాలో. ఫాల్గుణానికి సెలవు అడుగు. ఇప్పుడే అడుగు, తర్వాత దొరకదంటావు. అమ్మ కూడా వస్తుందట, ఈసారి పెళ్లికి.

నీ
బావ